ఎరువు జల్లెడకు రెండో చక్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎరువు జల్లించే పని మా అవ్వది, గంపలు లెక్కపెట్టే పని నాది. మిరపనారు పోసే ముందు దిబ్బలో మాగిన ఎరువును ఎత్తి, వెదురు జల్లెడలో పోసి, రెండు చేతులా ఆడించేది అవ్వ. మెత్తటిది కిందకు రాలేది. రాళ్ళూ పుల్లలూ పైన మిగిలేవి. నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడు, 1950లో, ఒక రోజు నేను ముప్పై ఏడు గంపలని చెప్పాను. అవ్వ ముప్పై ఎనిమిది అంది. కూలీలు ఐదుగురు చూస్తుండగా జల్లించిన కుప్పనంతా మళ్ళీ నా చేత గంపలకెత్తించి లెక్కపెట్టించింది. ముప్పై ఎనిమిదే. ఆ కూలీల్లో ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి నేను లెక్క తప్పలేదు. తప్పినవాళ్ళను వదిలిపెట్టనూ లేదు. తప్పు నలుగురి ముందు చూపిస్తేనే మనిషి దాన్ని మళ్ళీ చేయడని యాభై మూడేళ్ళు నమ్మాను.

ఆ నమ్మకం 2003లో పోయింది. అప్పటికి నాకు అరవై ఒకటి. చిన్ననాటి సంగతులు రాయడానికి కూర్చుని అరవై ఒకటో ఏటి సంగతి రాయడం ఏమిటని చదివేవాళ్ళు అడగవచ్చు. ఆ రోజు ఆ యంత్రం ముందు నిలబడినప్పుడు నాకు మళ్ళీ ఎనిమిదేళ్ళే. పాఠం చెప్పింది మాత్రం నాకన్నా పాతికేళ్ళు చిన్నదైన మా పక్కింటి కోడలు.

మా ఊరు కంబదూరుకు ఆరు మైళ్ళు. చెనిక్కాయ, అంటే వేరుశనగ, మీద బతికే ఊరు. 1999లో మా వీధి ఆడవాళ్ళం పదకొండు మందిమి కలిసి మూడు ఎరువు గుంతలు తవ్వుకున్నాం. పేడ, చెనిక్కాయ పొట్టు, కానుగాకు వేసి మాగబెట్టి, ఆరు నెలలకొకసారి ఒక గుంత తెరిచి, జల్లించి పంచుకుంటాం. జల్లించకుండా వేయడానికి లేదు. సగం కుళ్ళిన పుల్ల ఒక్కటి మొక్క మొదట్లో పడిందంటే, మా ఎర్రనేలలో చెదలు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. పుల్లతో ఆగవు, వేరు కూడా తింటాయి.

మొదటి ఏడు ఇద్దరు తాము రాకుండా కూలీలను పంపారు. వచ్చినవాళ్ళు పంపినవాళ్ళ మీద గొడవకు దిగారు. అప్పుడు రూలు రాసింది నేనే. ఎవరి చేతులతో వాళ్ళే జల్లించాలి. ఎన్ని గంపలు జల్లిస్తే వాటా అంత. వరుసగా మూడు గుంతలకు రానివాళ్ళ పేరు కొట్టేయాలి. పుస్తకం కూడా నా దగ్గరే పెట్టారు, నా లెక్క మీద అందరికీ గురి ఉంది కాబట్టి.

ఆ రూలు కిందికి మొదట వచ్చింది మా తోడికోడలు. 2002 ఉగాది దాటాక ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి ముక్కు ఎత్తుకు కూడా లేవదు. జూన్ గుంతకు రాలేదు, డిసెంబరు గుంతకు రాలేదు. మూడోది 2003 జూన్‌లో తెరవాలి. ఆమెకు నలభై చీనీ మొక్కలు, అంటే బత్తాయి మొక్కలు, ఉన్నాయి. బోరు ఎండిపోయిన తర్వాత కడవ ఎడమ చంకన పెట్టుకుని ఊరి కొళాయి నుంచి నీళ్ళు మోసి బతికిస్తోంది. మొక్క మొదట్లో ఎరువు ఉంటే ఆ కడవెడు నీళ్ళు రెండు రోజులు తేమగా నిలుస్తాయి. లేకపోతే పొద్దుటి నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. సంఘంలో పేరు పోతే ఆ నలభై మొక్కలూ ఆ ఏడు దాటవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మే నెలలో ఒక రోజు మా వాకిట్లో కూర్చుని ఆమే ఎత్తింది ఆ మాట.

“రూలు రూలేలే అక్కా. నాకోసరం మార్చినావంటే రేపు ఇంకొకరొచ్చి అడుగుతారు. కొట్టేయ్. నేనేమీ అనుకోను.”

నేను కాదనలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆమె అలా అన్నందుకు నాకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. గోడ అవతల పక్కింటి కోడలు గిన్నెలు తోముతోంది. గిన్నెల చప్పుడు ఆగింది. ఒక నిమిషం తర్వాత మళ్ళీ మొదలైంది.

ఆ పిల్ల తొమ్మిదేళ్ళు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనిచేసింది. అత్త మంచాన పడితే చూసుకోవడానికి 2001లో వచ్చేసింది. సంఘంలో అత్త చోటులోకీ తనే వచ్చింది. వచ్చేటప్పుడు పాత కుట్టు మిషన్ మోటారు ఒకటి పాత సామాను కింద కొని తెచ్చుకుంది. ఎందుకో అప్పుడు ఆమెకే తెలియదు. అది చిత్రమైన మోటారు. స్విచ్ వేస్తే లోపల తిరుగుతూనే ఉంటుంది కానీ, కాలితో పెడలు నొక్కితేనే దాని బలం చక్రానికి అందుతుంది. కాలు తీస్తే చక్రం ఆగిపోతుంది. మర్నాడు పొద్దున ఆ మోటారును చంటిపిల్లలా ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది.

“అత్తా, జల్లెడకు చెయ్యే కావల్లని నీ రూల్లో రాసినావా? కాలు పనికిరాదా?”

పుస్తకం తీసి చూశాను. ‘ఎవరి చేతులతో వాళ్ళే’ అని ఉంది. అదే చదివి వినిపించాను. “మోటారు ఆన్ చేసేది చెయ్యే గదా” అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆమె ఆ యంత్రాన్ని కట్టిన తీరు నేను రోజూ చూశాను. మొత్తం పంతొమ్మిది రోజులు. సైకిల్ షాపులో మూలకు పడేసిన రిమ్ములు మూడు తెచ్చింది. ఊచలు పీకి, ఒక్కొక్కటీ గోడకు ఆనించి తిప్పుతూ సుద్దముక్కతో గీత పడేలా చూసింది. గీత తెగిన చోట వంకర ఉన్నట్టు. చెక్క సుత్తితో కొట్టి మళ్ళీ తిప్పింది. మూడు రిమ్ములకూ గీత తెగకుండా పడేదాకా వదల్లేదు. ఆ రిమ్ములను మూడున్నర అడుగుల పొడవు ఇనుప పట్టీలతో కలిపి, చుట్టూ పావు అంగుళం కంతల ఇనుప తీగ జల్లి కప్పింది. జల్లి అంచులు కలిసే చోట మామూలుగా ఎవరైనా తీగతో కట్టి వదిలేస్తారు. ఆమె అంచులు రెండూ మడిచి ఒకదానిలో ఒకటి దూర్చి, జీన్స్ ప్యాంటు పక్క కుట్టులాగా రెండు వరసల్లో సన్న తీగతో కుట్టింది. గుడ్డయినా ఇనుమైనా అంచు మడవకపోతే పీకుతాదని చెప్పింది. ఆ కుట్లు నేను లెక్కపెట్టాను. అంగుళానికి మూడు. ఎక్కడా రెండు లేవు, నాలుగు లేవు. నా జీవితంలో ఇంకొకరి పనిలో తప్పు వెతికి దొరకక సంతోషపడింది అప్పుడే.

ఇక యాంగిల్ ఇనుముతో చట్రం కట్టించడానికి కంబదూరు వెల్డింగ్ షాపుకు పోవాలి. పోయే ముందు రోజు సాయంత్రం లెక్క కోసం నా దగ్గరకు వచ్చింది. మోటారు నిమిషానికి పద్నాలుగు వందల నలభై చుట్లు తిరుగుతుంది. జల్లెడ ఎన్ని చుట్లు తిరగాలి, దానికి ఏ చక్రాలు పెట్టాలి?

నాకు ఎంత గర్వమైందో చెప్పలేను. డిసెంబరు గుంతప్పుడు మా ఆడవాళ్ళు చేతి జల్లెడ నిమిషానికి ఎన్నిసార్లు ఆడిస్తారో గడియారం పెట్టుకుని లెక్క రాసుకున్నాను నేను. ఒకామెది నూట పద్దెనిమిది, ఒకామెది నూట ఇరవై మూడు, అందరి సగటు నూట ఇరవై. కాబట్టి యంత్రం కూడా నూట ఇరవై తిరగాలి. మోటారుకు రెండు అంగుళాల చక్రం ఉంది. రిమ్ము ఇరవై నాలుగు అంగుళాలు. టైరు కూర్చునే గాడిలోనే బెల్టు వేస్తే వేగం పన్నెండో వంతుకు తగ్గుతుంది. పద్నాలుగు వందల నలభైని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా నూట ఇరవై. శేషం సున్నా. శేషం సున్నా వస్తే ఆ లెక్క దేవుడు వేసినట్టు అనిపిస్తుంది నాకు.

ఆమె కాగితం చాలాసేపు చూసింది.

“అత్తా, చేతి జల్లెడ ఆడేది. ఇది తిరిగేది. రెండూ ఒకటేనా?”

“లెక్క లెక్కేమ్మా. ఆడేదానికొకటి, తిరిగేదానికొకటి ఉండవు.”

“సరే అత్తా” అంది. కాగితం మడిచి రవికలో పెట్టుకుని వెళ్ళింది.

చట్రం ఆటోలో వచ్చింది. ఆమే కూర్చుని దానికి తుప్పు పట్టకుండా ఎర్ర రంగు వేసింది. మూడు రోజులు గోడకు ఆనించి ఆరబెట్టింది. జూన్ రెండో గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు, పదకొండు మందీ గుంత దగ్గర చేరాం. జల్లెడ గొట్టం నాలుగు చిన్న బేరింగుల మీద పడుకుని ఉంది. ఎరువు పోసే వైపు నాలుగు వేళ్ళు ఎత్తు, అవతల చివర పల్లం. పెడలు ముందు స్టూలు వేసి మా తోడికోడలిని కూర్చోబెట్టింది. ఆమె పట్టేసిన చెయ్యి కొంగులో చుట్టుకుని, ఎడమకాలు పెడలు మీద పెట్టి, నా వైపు ఒకసారి చూసింది. ఆ రోజు ఇది తిరగకపోతే, సాయంత్రానికి నేను పుస్తకంలో ఆమె పేరు మీద గీత గీయాలి. అది అక్కడున్న అందరికీ తెలుసు.

నొక్కింది. జల్లెడ గర్రుమని లేచింది. ఒకామె గంపెడు ఎరువు పోసింది. కింద పరచిన పట్టా మీద చారెడు దుమ్ము పడింది. అంతే. ఇంకో గంప పోశారు. అదీ లోపలికి పోయింది కానీ కిందకు రాలేదు. ఎరువంతా జల్లి లోపలి వైపు చుట్టూరా అతుక్కుని, గొట్టంతో పాటే గిరగిరా తిరుగుతోంది. రాయి కూడా కదలడం లేదు.

“ఏమత్తా, ఎరువు నీ లెక్కకు భయపడి గోడ కరుచుకునిందే” అంది వెనకనుంచి ఒకామె.

“అత్త ముందర ఎవురైనా కిందకు జారుతారా మే” అంది ఇంకొకామె.

నలుగురూ నవ్వారు. నేను గడియారం చూసి చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి నూట ఇరవై. సరిగ్గా నేను చెప్పినట్టే. తప్పు యంత్రంలో లేదని, నా కాగితంలో ఉందని అప్పుడు తెలిసింది. కాళ్ళ కింద నేల అవ్వ ఎరువు జల్లించిన చోటులా అనిపించింది. మా తోడికోడలు ఆ చప్పుడుకూ నవ్వులకూ బెదిరి కాలు తీసేసింది. జల్లెడ నెమ్మదించింది. అది నెమ్మదించే క్షణంలో అతుక్కున్న ఎరువంతా ధడాలున ఊడి అడుగున పడి, మెత్తటిది బొలబొలా రాలింది. అది నేను చూశాను. ఇంకెవరూ చూసినట్టు లేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

పక్కింటి కోడలు వంగి బెల్టును వేలితో మీటింది.

“ఈ బెల్టు కొత్తది. బిగుసుకోని యమ జోరుగా లాగుతాండాది. అత్త లెక్క దీనికేం తెలుసు? నడుమ ఇంకొక చక్రం పెడితే దీని పొగరు అణుగుతాది.”

“బెల్టుకూ పొగరేనా” అని ఎవరో అన్నారు. “కొత్తదానికి ఉండదా? నువ్వు కొత్తకోడలుగా వచ్చినప్పుడు చూసినాంలే” అని మరొకరు. నవ్వులు నా మీద నుంచి ఆ అడిగినామె మీదికి, ఆమె మీద నుంచి బెల్టు మీదికి పోయాయి. పక్కింటి కోడలు ఇంటికి పోయి, గొర్రెల కొట్టంలో గోనెపట్టా కప్పి పెట్టిన పది అంగుళాల చక్రం, దానికి జతగా రెండు అంగుళాల చిన్న చక్రం, ఒక ఇరుసు, రెండు బేరింగులు, ఇంకో బెల్టు తెచ్చింది. పదిహేడు నిమిషాల్లో బిగించింది.

రెండోసారి నొక్కింది మా తోడికోడలు. ఈసారి గర్రుమనలేదు. జల్లెడ ఒక పెద్దమనిషి పక్క మీద ఒత్తిగిలినట్టు నిదానంగా తిరిగింది. ఎరువు ఒక వైపు గొట్టం సగం ఎత్తు దాకా ఎక్కి, అక్కడ ఆగి ఆలోచించి, తన మీద తనే బోర్లా పడింది. పడినప్పుడల్లా మెత్తటిది కంతల్లోంచి పిండిలా దిగింది. రాళ్ళూ పుల్లలూ దొర్లుకుంటూ పల్లం వైపు నడిచి, అవతల చివర ఒక్కొక్కటే బయటికి దూకాయి. నేను చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై నాలుగు. రెండున్నర సెకన్లకు ఒక చుట్టు. నేను చెప్పినదానిలో ఐదో వంతు.

చేత్తో అయితే ఒక మనిషి పొద్దంతా పద్నాలుగు గంపలు జల్లిస్తే గొప్ప. ఆ రోజు కరెంటు పోయే లోపల, ఒంటి గంట పది నిమిషాలకు, తొంభై ఆరు గంపలు జల్లించాం. పోసేవాళ్ళు పోశారు, ఎత్తేవాళ్ళు ఎత్తారు, మా తోడికోడలు ఒక్కసారి కూడా స్టూలు దిగలేదు. మంచినీళ్ళు కూడా కూర్చునే తాగింది. చివర్లో నా పక్కకు వచ్చి నిలబడి, మెల్లగా అడిగింది.

“నా పేరున ఎన్ని గంపలు రాస్తావక్కా?”

నేను పెన్ను మూత తీశాను. ఎవరు జల్లించారని రాయాలి? పోసినామె జల్లించలేదు, ఎత్తినామె జల్లించలేదు. కాలు తీస్తే జల్లెడే లేదు. ఆ లెక్క నాకు రాలేదు. రేపు చెప్తానన్నాను. నేను రేపు అన్న మొదటి లెక్క అదే.

మర్నాడు పొద్దున పదిగంటలకు స్కేలు పట్టుకుని యంత్రం దగ్గరకు పోయాను. దాని బొమ్మ, కొలతలు పుస్తకంలో వేసుకోవాలని. ఎక్కడ తప్పానో కూడా రాసుకోవాలని. చట్రం కొలుస్తూ రెండో చక్రం ఇరుసు దగ్గరకు వచ్చాను. దాన్ని పట్టుకున్న బేరింగులకు నాలుగు బోల్టులు. ఒక బోల్టు పక్కగా కంత అంచు కనబడుతోంది. ఆ అంచు మీద ఎర్ర రంగు ఉంది. కంత లోపలి గోడ మీదా రంగు ఉంది. మిగిలిన మూడూ చూశాను. మూడింటిలోనూ రంగు ఉంది.

రంగు వేసిన తర్వాత కంత పెడితే లోపల ఇనుము తెల్లగా మెరవాలి. రంగు కంత లోపలికి పోయిందంటే, కంతలు రంగుకు ముందే ఉన్నాయి. అంటే వెల్డింగ్ షాపులోనే ఉన్నాయి. అంటే నా కాగితం రవికలో పెట్టుకుని వెళ్ళిన రోజునే ఆ పిల్ల రెండో చక్రానికి చోటు పెట్టించింది. నా లెక్క తప్పని తెలిసీ, నా లెక్క ప్రకారమే మొదట బిగించింది. అది తిరగనప్పుడు తప్పును తీసి బెల్టు మీద వేసింది.

అక్కడే మట్టిలో కూర్చున్నాను. పక్కింట్లోంచి ఆమె గొంతు వినబడుతోంది, అత్తకు గంజి తాగిస్తూ ఏదో బతిమాలుతోంది. పిలిచి అడగాలనిపించింది. ఏమని అడగాలి? నన్నెందుకు నలుగురి ముందు తప్పు పట్టలేదని అడగాలా? లేచి ఇంటికి వచ్చి, పుస్తకం తీసి, ‘ఎవరి చేతులతో వాళ్ళే’ అన్న వాక్యం కొట్టేశాను. ‘గుంత దగ్గరకు వచ్చి చేతనైన పని చేసినవాళ్ళందరికీ సమానం’ అని రాసి తేదీ వేశాను. తొంభై ఆరును పదకొండుతో భాగిస్తే ఎనిమిది వచ్చి శేషం ఎనిమిది మిగిలింది. మిగిలిన ఎనిమిది గంపలూ చీనీ మొక్కలకు పోవాలని ఆ సాయంత్రం మిగతా ఆడవాళ్ళే అన్నారు. ఆ ఏడు నలభై మొక్కల్లో ముప్పై ఎనిమిది నిలబడ్డాయి.

ఆ చలికాలంలో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, పక్కింటి కోడలు రాయదుర్గం కబుర్లు చెప్పింది. ఆ పని చోట కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం మోటారుకు చిన్న చక్రం వేసేవాళ్ళట. మిషన్ నిదానంగా పోతుంది, వేళ్ళు సూది కింద పడవు. చక్రం మార్చే పని ఈమెదే.

“వాళ్ళకు చెప్పేదాన్ని కాదత్తా, మీకు రాదు కాబట్టి చిన్నది వేసినామని. ఈ మిషన్ ముసల్ది, ఇంతకంటే పోదు, మీరే ఓర్చుకోవల్ల అని చెప్పేదాన్ని. పాపం, మిషన్ మీద జాలిపడి కుట్టేవాళ్ళు. సిగ్గుపడిన చేతికి పని రాదత్తా.”

ఎవరి గురించీ చెప్పినట్టు చెప్పలేదు. చేతిలో కాయ వైపే చూస్తూ చెప్పింది. నేనూ నా కాయ ఒలుచుకున్నాను. ఆ నాలుగు కంతలు నేను చూశానని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. ఆమె నాకన్నా తెలివైనది కాబట్టి ఆమెకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు 2009. యంత్రం రెండుసార్లు జల్లి మార్చుకుని ఇంకా తిరుగుతోంది. సంఘం లెక్కలు రాయడం ఇద్దరు చిన్న కోడళ్ళకు నేర్పుతున్నాను. వాళ్ళు కూడికలు తప్పుతారు, పదుల స్థానం మోసుకోవడం మరిచిపోతారు. పుస్తకం తెచ్చి నలుగురిలో నా ముందు పెడతారు. తప్పు ఎక్కడుందో నాకు మొదటి చూపులోనే కనబడుతుంది. అప్పుడు నేను కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, “ఈ అద్దాలు పాతబడినాయమ్మా, ఈ వరస నాకు సరిగ్గా ఆనడం లేదు, నువ్వే ఇంకొకసారి చదువు” అంటాను. ఆ పిల్ల చదువుతూ చదువుతూ ఒక అంకె దగ్గర ఆగి, పెన్ను తీసుకుని, ఎవరూ చూడకుండా దిద్దుకుంటుంది. ఈ ఆరేళ్ళలో నేను అద్దాలు మార్చలేదు. నా చూపు బాగానే ఉంది.